ముగ్గు పోసిన దీవి

ఇది ఒక మహా సాహస యాత్ర. ఇందులో నిర్జన ద్వీపం ఉంది. ఆ ద్వీపం మీద, రాజులూ రాజ్యాలూ పుట్టకముందే పోయిన మనుషుల సమాధులున్నాయి. ఎండనూ ఆకలినీ ఊరకుక్కలనూ లెక్కచేయకుండా వాహనాల మీద దండెత్తిన ఇద్దరు అన్వేషకులున్నారు. చివర్లో భూమి కోసం మోహరించిన రెండు పక్షాలు, వాటి మధ్య ఒక దేవత కూడా ఉన్నారు. ఊపిరి బిగబట్టి చదవండి.

వద్దులెండి, మామూలుగానే పీల్చుకోండి. ద్వీపం అంటే శేరిలింగంపల్లి అవతల ఒక చెరువు మధ్యలో ఉన్న గుట్ట. వాహనాలంటే రెండు సైకిళ్లు. అన్వేషకులు మా అక్క, నేను. మేం వెళ్లింది మే నెలలో కాబట్టి చెరువులో నీళ్లు ఒక మూలకే ఉన్నాయి, అవి కూడా బర్రెలకు సరిపోయేటన్నే. చుట్టూ నీళ్లు లేనప్పుడు దాన్ని ద్వీపం అనొచ్చా అని నేను అప్పుడే అడిగాను.

"వానకాలం ద్వీపమే గద. నోర్మూసుకొని తొక్కు" అంది అక్క.

అప్పటికి తొంభైలు అయిపోవస్తున్నాయి. మాదాపూర్ దగ్గర ఒక గుండ్రటి అద్దాల మేడ లేచింది. ఆదివారం పూట జనం టిఫిన్ డబ్బాలు కట్టుకొని వచ్చి దాన్ని చూసి పోయేవాళ్లు. లోపల ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు మాత్రం చాలామంది, వాళ్లలో నేనూ ఒకణ్ని. నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను మరి. కోర్సు అంటే కాగితం మీద ప్రోగ్రాములు రాయడం. కంప్యూటర్లుండే గదికి ఏసీ ఉండేది. చెప్పులు బయట విడిచి, చేతులు దగ్గర పెట్టుకొని లోపలికి పోవాలి. వారానికొకసారి దర్శనం, ప్రసాదం ఉండదు.

అక్కది చరిత్రలో పీజీ, మొదటి సంవత్సరం అప్పుడే అయింది. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఒక సారు ఉన్నారు. ఏటా చలికాలంలో ఏదో ఒక ఊరికి తవ్వకాలకు పోతారు, పిల్లల్లోంచి కొందరిని వెంట తీసుకుపోతారు. ఆ ఏడు ఒక్కరికే చోటు మిగిలింది. "ఇప్పటిదాకా ఎవరూ రాయని పాత సమాధి ఒకటి చూపించండి. ఎవరు చూపిస్తే వాళ్లు నాతో వస్తారు" అన్నారట. అది విన్న రోజు నుంచి మా అక్క అన్నం ముద్దలో రాయి తగిలినా నోట్లోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసేది.

ఇటు మా నాయిన బీఈడీ దరఖాస్తు తెచ్చి దేవుడి గూట్లో పెట్టాడు. ఆయన బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేతు మిషన్ మీద పని చేసేవాడు. లేతుకు ఏది బిగించినా సాయంత్రానికి ఒక ఆకారానికి రావాలి. పిల్లల గురించి కూడా ఆయనకు అదే అభిప్రాయం.

"చచ్చినోళ్లను తవ్వుకుంట తిరిగితే జీతం ఎవడిస్తడు బిడ్డా?"

"బళ్లె సార్లు చెప్పేది గూడ చచ్చినోళ్ల ముచ్చటే గద నాయినా."

"వాళ్లు తవ్వకుంట చెప్తరు. ఫ్యాన్ కింద కూసొని చెప్తరు."

నాయిన వాదనే గట్టిగా ఉందని నాకనిపించింది, ముఖ్యంగా ఆ ఫ్యాను దగ్గర. అక్క ముఖం చూసి బయటికి అనలేదు. రెండు రోజులు ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. చివరికి రాజీ కుదిరింది. సమాధి దొరికి, సారు తీసుకుపోతానంటే అక్క పీజీ రెండో సంవత్సరం చదువుతుంది. నెలాఖరు లోపల దొరక్కపోతే బీఈడీ. ఆ విధంగా మా ఇంటి ఆడపిల్ల చదువు, ఎప్పుడో పోయిన పేరు తెలియని మనిషి మీద ఆధారపడింది. ఆయనకు ఆ సంగతి తెలియదు.

ఎలాంటి సమాధి వెతకాలో అక్క నాకు ముందే చెప్పింది. జనం వాటిని రాకాసి గుళ్లు అంటారు. పెద్ద పెద్ద గుండ్లను గుండ్రంగా పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు కుప్పపోసి, ఆ కుప్ప కింద బండలతో పెట్టె లాంటిది చేసి, అందులో మనిషిని, అతని కుండలను, ఇనుప సామానును పెట్టేవాళ్లట. ఇంత వివరంగా చెప్పాక కనిపెట్టడం ఏముంది అనుకున్నాను. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా వైపు ఎటు చూసినా పెద్ద గుండ్లే. గుండు మీద గుండు, దాని మీద పడనా వద్దా అన్నట్టు ఇంకో గుండు. వాటిలో మనిషి తెచ్చి పెట్టింది ఏది, ఎవరూ పెట్టకుండా అక్కడే ఉన్నది ఏది? అన్నీ పాతవే. ఆ లెక్కన మా ఇంటి వెనక బట్టలు ఉతికే బండ కూడా పాతదే, దాని మీద ఎవరూ పీజీ చేయలేదు.

నాయిన రాత్రి డ్యూటీ చేసి పొద్దున పడుకున్న రోజుల్లో ఆయన సైకిల్ నాది. సీటు ఆయన ఎత్తుకు బిగించి ఉండేది, దించితే ఆయనకు తెలిసిపోతుంది. అందుకని ఆ యాత్రంతా నేను కాలి బొటనవేళ్ల మీద చేశాను. అక్కది లేడీస్ సైకిల్, ముందు బుట్టలో నీళ్ల సీసా, తాడు, సారు రాసిన పుస్తకం. నేను దారి తప్పినప్పుడల్లా ఆమె పుస్తకం తీసేది. పుస్తకంలో దారి ఉండేది కాదు గానీ, తీయడం వల్ల ధైర్యం వచ్చేదనుకుంటాను.

మొదటి గుండ్రం గచ్చిబౌలి దాటాక దొరికింది. నడుం ఎత్తు రాళ్లు, చక్కగా చుట్టూ పేర్చి ఉన్నాయి. అక్క సైకిల్ పడేసి పరుగెత్తింది. ఒక్కో రాయినీ తడిమి, తూర్పు ఎటు అని అడిగి, నేను చూపించిన వైపు కాకుండా వేరే వైపు చూసి, మెల్లగా అంది.

"వీళ్లు ఈ దిక్కుకు తల పెట్టేటోళ్లురా."

నాకూ ఎందుకో భక్తి కలిగింది. చెప్పులు విడుద్దామా అనుకుంటుండగా ఒక మేకల మంద వచ్చింది. ముందున్న మేక రాళ్ల మధ్య సందులోంచి తన ఇంట్లోకి పోయినట్టు లోపలికి పోయింది. మిగిలినవీ పోయాయి. చివరిది ఆగి, మీరెవరు అన్నట్టు చూసింది.

"అక్కా, ఇది దొడ్డి."

"ఐతే ఏంది? పాత సమాధి రాళ్లే తెచ్చి దొడ్డి కట్టి ఉండొచ్చు."

ఉండొచ్చు అనే మాట ఆ నెలలో నేను విన్నంతగా జీవితంలో ఎప్పుడూ వినలేదు. ఆ మాటకు అడ్డం పోవడానికి వీల్లేదు, ఏదైనా ఉండొచ్చు.

రెండో గుండ్రం కోసం కోకాపేట వైపు పోయాం. అప్పట్లో అటు పొలాలు, రాళ్లు, అక్కడక్కడ సీతాఫలం చెట్లు, అంతే. ఆ గుండ్రం మొదటి దానికంటే నీటుగా ఉంది. మరీ నీటుగా ఉంది. దగ్గరికి పోతే రాయికీ రాయికీ మధ్య సిమెంటు కనిపించింది. ఎవరో లేఅవుట్ వేసి పిల్లల పార్కు కట్టబోయి మధ్యలో వదిలేశారు.

"ఆ కాలంల సిమెంటు ఉండెనా?" అని అడిగాను, నిజంగా తెలుసుకుందామనే. అక్క సైకిల్ ఎక్కింది. ఇంటికి వచ్చేదాకా ఆమె వీపే నాకు కనిపించింది. వీపుతో కూడా కోపం చూపించొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నెల సగం పైన అయిపోయింది. అక్క రాళ్ల సంగతి మాట్లాడటం తగ్గించి, బీఈడీ సంగతి అసలే మాట్లాడకుండా, అమ్మకు వంటలో సాయం చేయడం మొదలుపెట్టింది. అది చూసి ఇంట్లో అందరం భయపడ్డాం.

అప్పుడు మా పై పోర్షన్‌లో కిరాయికి ఉండే ఆయన నోరు విప్పాడు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ప్లాట్లు అమ్మేవాడు. ఆయన కళ్లకు నేల ఎప్పుడూ గజాల్లోనే కనిపించేది. ఒకసారి మా అమ్మ వాకిలి ఊడుస్తుంటే మెట్ల మీద నిలబడి, "మీ వాకిలి ఈశాన్యం పెరిగిందండీ, మంచి రేటొస్తుంది" అన్నాడు. అమ్మ చీపురు ఆపి, మళ్లీ ఊడ్చుకుంది.

"అదేంటండీ చెల్లెమ్మా, రాళ్ల కోసం కోకాపేట దాకా పోవడమేంటి? మన చెరువు మధ్యలో ఐలాండ్ ఉందిగా. పైన రాళ్లు గుండ్రంగా ఉంటాయండి. నేనోసారి కొనే పార్టీని తీసుకెళ్లి లేక్ వ్యూ చూపిద్దామని ఎక్కా. లేకు లేదు గానీ వ్యూ మాత్రం బ్రహ్మాండం."

"మరి అమ్మలేదేంటి అంకుల్?" అన్నాను.

"ఎవరిదో తేలితే కదండీ. తేలిన మర్నాడు అమ్మేద్దును."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. చెరువు కట్ట దిగాక నేల పగిలి పెంకుల్లా ఉంది, సైకిల్ టకటకలాడుతూ పోయింది. సగం దూరం పోయాక పైన ఎండి, లోపల ఎండని బురద వచ్చింది. చక్రాలు దిగబడ్డాయి. సైకిల్ మీద ద్వీపానికి వెళ్లాం అని చెప్పుకోవడం బాగుంటుంది గానీ, ఆ సగం దూరం సైకిలే మా మీద ఎక్కి వచ్చింది.

గుట్ట ఎత్తేమీ కాదు. పైన చదునుగా ఉంది. ఒక పక్క చెరువు కట్ట, ఇంకో పక్క దూరంగా అద్దాల మేడ ఎండకు మెరుస్తూ కనిపించాయి. మధ్యలో రాళ్లు. అక్క ఈసారి పరుగెత్తలేదు. చుట్టూ ఒకసారి నడిచింది. "గిది కాదేమో" అంది. ఇంకోసారి నడిచింది. "గిదే" అంది. మూడోసారి నడిచి కింద కూర్చుంది.

నేను రాళ్లు లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెడితే అన్ని లెక్కలు వచ్చాయి. కొన్ని సగం నేలలో కూరుకుపోయి ఉన్నాయి, కొన్ని దొర్లి పక్కకు పోయాయి. ఒకటి గుండ్రంలోదా, లేక ఊరికే అక్కడ పుట్టిపెరిగిన బండా అనేది నిలబడే చోటును బట్టి మారింది. మధ్యలో చిన్న రాళ్ల కుప్ప ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. అక్క ఆ కుప్ప అంచున ఒక కుండ పెంకు తీసింది. బయట ఎరుపు, లోపల నలుపు. దాన్ని చున్నీకి తుడిచి నాకు చూపించింది.

"ఆ కాలపు కుండలు గిట్లనే ఉంటయిరా. బయట ఎర్రగ, లోపల నల్లగ."

"కల్లు కుండ గూడ గట్లనే ఉంటది గదక్కా."

అక్క నా వైపు చూసి, పెంకు వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. "ఉండొచ్చు" అంది. ఆ మాట ఆమెకు వ్యతిరేకంగా పని చేయడం అదే మొదటిసారి.

సారుకు నోటితో చెబితే సరిపోదు. విద్యార్థులు నోటితో చాలా చెబుతారట. ఫోటో చూపించాలి. పై పోర్షన్ ఆయన కెమెరా అడిగి తెచ్చుకొని మళ్లీ వెళ్లాం. కంటికి పెట్టుకొని చూస్తే బూడిద రంగు నేల మీద బూడిద రంగు రాళ్లు, వాటి మీద బూడిద రంగు ఎండుగడ్డి. గుండ్రం ఉందని తెలిసిన నాకే కనిపించలేదు. అక్క సారు పుస్తకం తెరిచింది. తవ్వకాల ఫోటోల్లో నేల మీద తెల్లటి గీతలు గీసి ఉన్నాయి, ఎక్కడ ఏముందో చూడగానే తెలుస్తోంది. కాబట్టి మనమూ రాళ్ల చుట్టూ ఒక తెల్ల గీత గీస్తే సరిపోతుంది. ఇందులో తప్పేమీ నాకు కనిపించలేదు, ఇప్పటికీ పుస్తకం ప్రకారం లేదు.

ఇంటికి వచ్చి అమ్మ ముగ్గు డబ్బా తీసుకున్నాం.

"చెరువుల ఎవరింటి ముంగట ముగ్గేస్తరే?" అంది అమ్మ.

"వాళ్లు పోయి చాన ఏండ్లైందిలే అమ్మా" అన్నాను. అమ్మ ఎందుకో దండం పెట్టుకుంది.

రాళ్ల వెంబడి లోపల ఒక గీత, బయట ఒక గీత పోశాం. అక్క చెయ్యి ముగ్గులో తిరిగిన చెయ్యి, గుండ్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఫోటోలు తీశాం. రీలు పూర్తయితే గానీ స్టూడియోలో కడగరు కాబట్టి మిగిలినవి బర్రెలకు తీశాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు ఖాళీ నేల మీద తెల్లగా ముగ్గు కనబడిందంటే దానికి ఒకటే అర్థం. ఎవరో కొలతలు వేసుకున్నారు, రేపో ఎల్లుండో పునాది తవ్వబోతున్నారు. పొద్దున ముగ్గు పడితే సాయంత్రానికి ఇటుక దిగేది, వారానికి కోర్టు నోటీసు వచ్చేది. ఇది మాకూ తెలుసు. మా గల్లీలోనే నాలుగు చోట్ల చూశాం. చెరువు మధ్యలో మేమే ముగ్గు పోసినప్పుడు మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఫోటోలు వచ్చాయి. ఎండ ఎక్కువై రాళ్లు నేలలో కలిసిపోయాయి, ముగ్గు మాత్రం వెలిగిపోతోంది. బర్రెలు చాలా బాగా వచ్చాయి. అక్క వాటిని పక్కన పెట్టి, మిగతావి సారు ముందు పరిచింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. సారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకొని చాలాసేపు చూశారు.

"ముగ్గు బాగుందమ్మా. రాళ్లేవి?"

"దీని కిందనే ఉన్నయి సార్. అంటే కింద కాదు, పక్కకు. గీతలల్ల, నడుమ." ఆమె వేలు ఫోటో మీద తిరిగి తిరిగి, చివరికి ఒక చోట ఆగింది. అక్కడా ముగ్గే ఉంది. అక్క సంచిలోంచి కుండ పెంకు తీసి ఇచ్చింది. సారు దాన్ని తిప్పి చూసి జేబులో వేసుకున్నారు.

"ఆదివారం వస్తాను. అక్కడే చూపించు" అన్నారు. నెలాఖరుకు అదే చివరి ఆదివారం.

సారు స్కూటర్ మీద చెరువు కట్ట దాకా వచ్చారు. అక్కడి నుంచి స్కూటర్ దిగబడుతుందని నా సైకిల్ క్యారియర్ మీద కూర్చున్నారు. ఒక చేతిలో గొడుగు తెరిచి పట్టుకొని, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకున్నారు. బొటనవేళ్ల మీద తొక్కుతూ, వెనక ఒక ప్రొఫెసర్‌ను మోస్తూ, ఎదురుగాలికి గొడుగు తెరచాపలా లాగుతుంటే నేను ద్వీపం వైపు సాగాను. బురద దగ్గర సారు దిగి చెప్పులు చేతిలో పట్టుకున్నారు. అక్క సైకిల్ ఎత్తుకొని అందరికంటే ముందు పోతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

గుట్ట మీద మనుషులున్నారు. మనుషులే కాదు, రంగులున్నాయి.

పైకెక్కి చూస్తే మా గుండ్రం ఒక సంతలా తయారైంది. ఒక పక్క నుంచి కంచెకు పాతే నిలువు రాతి కడీలు వరుసగా వచ్చి గుండ్రం మధ్యలోంచి పోతున్నాయి. ఇంకో పక్క ఎర్ర రంగుతో నంబర్లు వేసిన చిన్న చిన్న ప్లాటు రాళ్లు. కడీలకు దారి కోసం కొన్ని పెద్ద గుండ్లను దొర్లించారు, ప్లాటు రాళ్లకు ఆనిక కోసం కొన్నింటిని దగ్గరికి జరిపారు. నాలుగైదు రాళ్లకు పసుపు పూసి బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, ముందు కొబ్బరికాయ కొట్టి ఉంది. మేం పోసిన ముగ్గును ఎవరో కాలితో చెరిపేశారు.

కడీల పక్కన కూర్చున్న ఒక రైతు మమ్మల్ని చూడగానే లేచాడు.

"ఎవడు పోసిండు ముగ్గు? మా తాత జాగల ముగ్గు పోస్తరా? ఏ బిల్డర్ పంపిండు మిమ్మల్ని?"

ప్లాటు రాళ్ల పక్కన ఉన్న మనిషి తల తిప్పి చూశాడు. మా పై పోర్షన్ ఆయనే. ఆయన ముఖంలో సంతోషం, సిగ్గు ఒకేసారి వచ్చి ఇరుక్కున్నాయి.

"తమ్ముడూ, మీరా పోసింది? అయ్యయ్యో! చెరువులో ముగ్గు పడిందని తెలిసి, ఎవడో పెద్ద బిల్డరు దిగాడనుకున్నానండి. అందుకే ముందుజాగ్రత్తగా నాలుగు రాళ్లు వేశా."

"ఎవరి తరఫున అంకుల్?"

"అది ఇంకా తేలలేదండి. రాళ్లంటూ పడితే పార్టీ అదే దొరుకుతుంది."

"ముగ్గు మేమే పోసినం. ఫోటో కోసం" అని అక్క రైతుతో చెప్పింది. ఆయన నమ్మలేదు. ఫోటో కోసం ఎవరైనా చెరువులో ముగ్గు పోస్తారా? ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

వేపమండల పక్కన ఒక ముసలమ్మ కూర్చొని ఉంది, రైతు తల్లి. సారు ఆమె దగ్గరికి వంగి అడిగారు.

"ఈ దేవత ఎప్పటినుంచి ఉందమ్మా ఇక్కడ?"

"నేను పెండ్లయి వచ్చిన కాడికెల్లి ఉన్నది."

"నిన్న నువ్వే గదనే పసుపు పూసినవ్!" అన్నాడు కొడుకు.

"పూసింది నిన్ననే. ఉన్నది ఎప్పటికెల్లో. అమ్మోరున్న కాడ ఎవడు ఇల్లు కడ్తడో నేను గూడ చూస్త."

సారు గొడుగు మూసి అక్క వైపు తిరిగారు. "సరే. వీటిల్లో పాత రాళ్లేవో చూపించు తల్లీ."

అక్క ముందుకు వెళ్లింది. "గిది" అంది. రెండడుగులు వేసి ఆగింది. "గిది కాదు, గది." ఒక రాయి మీద చెయ్యి పెట్టి తీసేసింది. దొర్లిన రాయి ఎక్కణ్నుంచి దొర్లిందో, జరిపిన రాయి ఎక్కడ ఉండేదో, పసుపు పూసింది వరుసలోదో బయటిదో. చుట్టూ తిరిగి మళ్లీ మొదటి చోటికే వచ్చింది. నా వైపు చూసింది. లెక్కపెట్టిన ప్రతిసారీ వేరే లెక్క తెచ్చుకున్నవాణ్ని నేను. నాకేం తెలుసు? ఆ నిమిషంలో నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

సారు ఆమెను ఇంకేమీ అడగలేదు. రైతు వైపు తిరిగి, "ఈ జాగ ఎవరిది?" అన్నారు.

"మాది."

"అలా ఎలాగండీ? మా పార్టీది."

"మంచిది. ఇది పాతకాలపు సమాధి అయితే పురావస్తు శాఖకు రాయాలి. వాళ్లు వచ్చి చూసి బోర్డు పెడతారు. ఇక చుట్టుపక్కల గోడ కట్టడం, బోరు వేయడం ఏదీ ఒప్పుకోరు. దానికి జాగ యజమాని ఎవరో రాసుకోవాలి. ఎవరి పేరు రాయమంటారు?"

రైతు కడీ మీది చెయ్యి తీసేశాడు.

"మాది అంటే..." అన్నాడు, "మా తాత ఈడ గొడ్లను మేపిండు సార్. గడ్డి మాది. జాగ మాదని ఎవలన్నరు?"

"ఇప్పుడు నువ్వే అన్నావు కదయ్యా" అన్నారు సారు.

"కోపంల అన్న సార్. కోపంల సవాలక్ష అంటం."

"మా పార్టీ కూడా ఇంకా దొరకలేదు కదండీ" అన్నాడు పై పోర్షన్ ఆయన, ఒక ప్లాటు రాయిని అప్పటికే ఊపుతూ. "వీరి గడ్డే ఉండొచ్చండి ఇదంతా."

"నా గడ్డి ఎందుకైతది? గడ్డి గూడ పోయినేడుదే. ఈ ఏడు ఎక్కడ మొలిసింది?"

ఆ తర్వాత జరిగింది నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇద్దరూ పోటీలు పడి ఎవరి రాళ్లు వాళ్లు పీకడం మొదలుపెట్టారు. తమ రాయి అక్కడ ఉంటే పేరు రాసేసుకుంటారని భయం. కడీ ఒక్కడి వల్ల లేవలేదు, పై పోర్షన్ ఆయన వచ్చి రెండో కొస పట్టాడు. "జర పైకి లేపుండ్రి." "లేపానండీ, మీరే దించేస్తున్నారు." కడీలను గుట్ట కిందికి దొర్లించారు. ఆయన ప్లాటు రాళ్లను రైతు తన తువ్వాలలో మూట కట్టి ఆయన నెత్తిన పెట్టాడు. పావుగంట కింద కొట్టుకోబోయిన వాళ్లు, "ఏ ఊరన్నరు మీది?" అని మాట్లాడుకుంటూ గుట్ట దిగారు. ముసలమ్మ మాత్రం కదల్లేదు. దేవతను పీకమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యమూ ఎవరికీ లేదు.

మిగిలిన రాళ్లలో గుండ్రం మళ్లీ కొంత బయటపడింది. ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క పంటి సందుల్లా. సారు గొంతుక్కూర్చొని, జేబులోంచి పెంకు తీసి అంచు విరిచి చూశారు. గోటితో గీకారు. నాలుక చివర ఆనించి చూశారు.

"ఆకలైతున్నట్టుంది సారుకు" అంది ముసలమ్మ నాతో.

చాలాసేపటికి సారు లేచారు. "ఇది ఆ కాలపుదే అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు. ఆ మూడు రాళ్లు మాత్రం ఎవరో కావాలనే పెట్టినవి."

"ఏ మూడు సార్?" అంది అక్క.

సారు చెయ్యి చాపి, అటూ ఇటూ చూసి, చెయ్యి దించారు. "ఇప్పుడే చూశాను. ఇటు నుంచి కనిపించట్లేదు."

అదే మాట నేను అని ఉంటే అక్క నన్ను ఆ గుట్ట మీదే పూడ్చిపెట్టేది. సారు అన్నారు కాబట్టి తల ఊపింది. చున్నీ కొసతో ముఖం తుడుచుకుంది, చేతికి అంటిన పసుపు నుదుటికీ చెంపకీ పూసుకుపోయింది. ఇక దాచుకోవడానికి ఏమీ లేదన్నట్టు తిన్నగా అడిగేసింది.

"సార్, మరి నన్ను తీసుకపోతరా?"

సారు ఆమె వైపు చూడలేదు. గుట్ట దిగుతున్న ఆ ఇద్దరినీ, నెత్తిన మూటనూ చూస్తున్నారు.

"ఎవరూ రాయనిది చూపించమన్నాను" అన్నారు. "దీని గురించి ఎవరూ రాయలేదు. ఇవాళ వీళ్లు పేరు చెప్పకుండా పోయినదాన్ని బట్టి ఇక ముందు రాసేవాళ్లు కూడా ఉండరు. ఏం ఉందో తెలియని చోటు దగ్గర ఇంత సేపు నిలబడ్డావు కదా, తవ్వకాల్లోనూ చేసేది అదే. డిసెంబర్‌లో వద్దువుగాని."

అక్క వెళ్లి ముసలమ్మ పక్కన కూలబడింది. ముసలమ్మ కొబ్బరి చిప్ప ఒకటి చేతిలో పెడితే, ఏమిటని అడగకుండా కొరుక్కుతింది. సంతోషపడిందో, ఏడ్చిందో, అర్థం కాలేదో నాకు తెలియలేదు. ఆమెకు తెలిసినట్టూ అనిపించలేదు. ఇంటికి పోయి నాయినకు ఏమని చెప్పాలి? సమాధి దొరికిందనా, దొరకలేదనా? రెండూ నిజమే అయితే రాజీలో దేని కిందికి వస్తుంది? అది తేల్చుకోకుండానే గుట్ట దిగాం.

బురద దాటాక సారు చెప్పులు తొడుక్కొని, నా సైకిల్ క్యారియర్ ఎక్కి, గొడుగు తెరిచారు. అక్క పక్కనే సైకిల్ నడిపించుకుంటూ వస్తోంది. ఇంకేదో పెద్ద మాట చెబుతారని ఇద్దరం చెవులు నిక్కబొడుచుకొని ఉన్నాం. కట్ట దగ్గరికి వచ్చాక చెప్పారు.

"అన్నట్టు, తవ్వకాల క్యాంపులో సామాను తక్కువమ్మా. ఎవరి కంచం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి."